భాస్వర జిప్సము: ఎరువుల గుట్టనుండి ఇంటి గోడకు

యాభై కిలోల డి.ఏ.పి. బస్తాను బండిపై వేసికొని పొలమునకు పోవు రైతునకు, ఆ బస్తాకు రెండింతలు మించిన బరువుగల మరియొక పదార్థము దానితోపాటే పుట్టి, ఎచటనో ఒక కర్మాగారపు ఆవరణలో మిగిలిపోయినదని తెలియవచ్చు మార్గమేమియు లేదు. లెక్క మాత్రము తేటయైనదే. ఎరువుల పరిభాషలో భాస్వరమని వ్యవహరింపబడు పోషకము డి.ఏ.పి.లో నూటికి 46 పాళ్లు, అనగా బస్తాకు 23 కిలోలు ఉండును. అట్టి పోషకమును ఒక టన్ను సంపాదించుటకు సుమారు 5 టన్నుల జిప్సము వెలువడును గనుక, ఒక్కొక్క బస్తా వెనుక ఇంచుమించు 115 కిలోల జిప్సము నిలిచిపోవుచున్నది. ఎరువు నేలలో కరగి పైరునకు అందును. పంట ఇల్లు చేరును. జిప్సము మాత్రము పుట్టినచోటనే ఏటికేడు పేరుకొని తెల్లని గుట్టయగును.

విశాఖపట్టణమున 1967లో ఉత్పత్తి ప్రారంభించిన కోరమాండల్ ఎరువుల కర్మాగారమువంటివి, ఒడిశాలో పారదీపునందును, కేరళలో కొచ్చియందును ఉన్నవి; వీనివంటి భాస్వరామ్ల కర్మాగారములన్నిటినుండి మన దేశమున ఏటా సుమారు కోటి టన్నుల జిప్సము వెలువడుచున్నది. మనము మొరాకో, జోర్డాను మొదలగు దేశములనుండి భాస్వరామ్లమును, తయారైన ఎరువును సైతము దిగుమతి చేసికొనుచుందుము గనుక, మన చేలకు చేరిన ఎరువునకు సంబంధించిన గుట్టలు కొన్ని సముద్రముల కావల కూడ ఉన్నవని గ్రహింపవలెను.

ఇంతకును జిప్సము గృహనిర్మాణమునకు క్రొత్త వస్తువు కాదు. సిమెంటు బస్తాలన్నిటిలోను అది కొంత కలిసియే ఉండును. గదుల పైకప్పునకు దిగువ అమర్చు తెల్లని పలకలు దానివే. విగ్రహముల అచ్చులకు, విరిగిన ఎముకల కట్లకు వాడు పారిసు ప్లాస్టరు దానినుండియే పుట్టును. రాజస్థానమున దానిని గనులనుండి త్రవ్వుచున్నారు. చాలక, ఒమాను మొదలగు దేశములనుండి ఓడలలో తెప్పించుచున్నారు. ఒకవంక కొరత, మరియొకవంక గుట్టలు. ఈ రెంటికిని నడుమ అడ్డముగా నిలిచినదేమి?

గుట్ట పుట్టుక

భాస్వరపు ఎరువులన్నిటికిని మూలము ఫాస్ఫేటు శిల. రాజస్థానమున ఉదయపురము చెంత ఝామర్‌కోట్రాయందు అది కొంత లభించును గాని, మన అవసరములో అధికభాగము దిగుమతియే. ఈ శిలలలో పెక్కులు లక్షలాది, కోట్లాది సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమున పేరుకొనిన అవక్షేపములు. అందు భాస్వరము సున్నపు ధాతువగు కాల్షియముతో గాఢముగా పెనవేసికొనియుండుటచే, శిలను పొడిచేసి చల్లినంతమాత్రమున చాల నేలలలో పైరునకు అది అందదు. ఆ బంధమును త్రెంచుటకు గంధకామ్లము వలసివచ్చినది. ఆమ్లములోని గంధకభాగము కాల్షియమును తనవైపునకు లాగికొని దానితో కూడి జిప్సమగును. విడివడిన భాస్వరము ఆమ్లరూపమున ద్రవములో నిలుచును.

ఇచట చరిత్రకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పవలసియున్నది. ఇంగ్లండునందు జాన్ బెనెట్ లాస్ 1842లో హక్కుపత్రము పొందిన సూపర్ ఫాస్ఫేటునందును, 1906లో మద్రాసు చేరువనున్న రాణీపేటయందు మన దేశమున తొలుత తయారైన సూపర్ ఫాస్ఫేటునందును, ఆమ్లముచే పుట్టిన జిప్సము ఎరువులోనే కలిసియుండెడిది. ఆ జిప్సము ఎరువుతోపాటు పొలమునకే పోయెడిది గనుక అప్పుడు గుట్టయన్న ప్రసక్తియే లేదు. అయితే అట్టి ఎరువులో భాస్వరపు పాలు నూటికి 16 మాత్రమే. తక్కిన బరువునకు కూడ బాడుగ చెల్లింపవలసివచ్చెడిది. బస్తా చిన్నది కావలెను, సారము హెచ్చు కావలెను అను కోరిక కలిగినపుడు, ఆమ్లమును వడగట్టి జిప్సమును వేరుపరచు పద్ధతి ప్రబలినది. నేటి గుట్టలు ఆ సాంద్రీకరణమునకు మనము చెల్లించుచున్న మూల్యములు.

వడపోతలో మిగిలిన తడి జిప్సమును నీటితో కలిపి గొట్టములద్వారా విశాలమైన మడుగులలోనికి వదలుదురు. జిప్సము అడుగున పేరుకొనును. ఆరిన జిప్సముతోనే గట్లు ఎత్తుచేయుదురు. మడుగు పైకి లేచును. ఇట్లు పొరపై పొరగా గుట్ట పెరుగును. దాని శిఖరమున నిలుచు నీరు మిక్కిలి ఆమ్లగుణము కలది. గుట్ట అడుగున నీరింకని పొర సరిగా లేనియెడల ఆ నీరు భూగర్భజలమును చేరగలదు. 2021లో అమెరికాలోని ఫ్లోరిడాయందు పైనీ పాయింట్ అను పాత ఎరువుల ఆవరణలోని మడుగు చెమర్చి, గట్టు తెగునన్న భయముచే చుట్టుపట్లనున్న వారిని ఖాళీచేయించి, కోట్లాది గాలన్ల నీటిని టాంపా అఖాతములోనికి వదలవలసివచ్చినది. ఉత్తరాఫ్రికాలోని ట్యునీషియాలో గాబెస్ పట్టణమున గుట్ట వేయుటకు బదులు జిప్సమును దశాబ్దములుగా సముద్రములోనికే వదలుచు వచ్చిరి. అచటి అఖాతపు జీవరాశికి కలిగిన హాని లోకవిదితము. కావున జిప్సమును వాడుకొనుటయందలి ప్రమాదములను తూచునపుడు, త్రాసు రెండవ తట్టలో వాడక విడిచిన గుట్ట ప్రమాదమును కూడ ఉంచవలెనని నా దృఢాభిప్రాయము. ఈ న్యాయమును పాటింపని చర్చలు పెక్కు చూచితిని.

జిప్సము బిగియుటకు కారణము

వివరణ: నీటి రాకపోకలు

జిప్సము స్ఫటికములో నీరు బంధితమైయుండును. నూరు కిలోల శుద్ధ జిప్సములో సుమారు 21 కిలోలు నీరే. తాకిన తడి తగులదు, ఏలయన ఆ నీరు స్ఫటికపు కూర్పులో ఒక భాగము. దానిని 150 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున వేడిచేసినచో ఆ నీటిలో ముక్కాలు భాగము ఆవిరియై, పారిసు ప్లాస్టరు మిగులును. ఈ పొడికి మరల నీరు కలిపినచో, పోగొట్టుకొనిన నీటిని అది తిరిగి గ్రహించి, సూదులవంటి సన్నని స్ఫటికములుగా మారును. ఆ సూదులు ఒకదానిలో నొకటి చొచ్చుకొని అల్లుకొనుటయే బిగియుట. ఇంటికి నిప్పంటుకొన్నపుడు గోడలోని ఈ నీరంతయు ఆవిరియగువరకు గోడ వెనుకవైపు వేడి మిక్కిలి హెచ్చదు. జిప్సపు పలకలు అగ్నిని కొంతసేపు నిలువరించుటకు రహస్యమిదియే.

సిమెంటు కొలిమికి 1450 డిగ్రీల వేడి కావలెను. కాల్చిన ఇటుకకు వేయి డిగ్రీల ప్రాంతము వలయును. జిప్సమునకు 150 చాలును. ఇంధనమును లెక్కించు ఈ కాలమున ఈ భేదము చిన్నది కాదు.

కడిగిన పోవునవి, పోనివి

గనిలోని జిప్సమునకును గుట్టలోని జిప్సమునకును రసాయనస్వరూపమున భేదము లేదు; భేదమంతయు వెంటవచ్చిన మాలిన్యములలో ఉన్నది. వడపోతలో పూర్తిగా వేరుపడని భాస్వరామ్లము, శిలలోని ఫ్లోరిన్ వలన కలిగిన ఫ్లోరైడులు, కొంత సేంద్రియ పదార్థము, స్ఫటికముల నంటుకొనిన ఆమ్లము, ఇవి అందు ప్రధానములు. ఫ్లోరైడు హెచ్చిన నీరు ఎముకలను ఎట్లు వంచునో నల్లగొండ జిల్లావాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. అచట అది భూమిలోని శిలలనుండి సహజముగా వచ్చినది, ఇచట మనుష్యుని చేతిమీదుగా వచ్చునది.

నిర్మాణమునకు ఎక్కువ చిక్కు తెచ్చునది భాస్వరము. సిమెంటును నీటితో కలుపగానే అందలి అల్యూమినియపు ఖనిజము నిమిషములలో బిగిసిపోవ చూచును. తాపీమేస్త్రి చేతిలోనే గట్టిపడిన సిమెంటు ఎందునకును కొరగాదు గదా. నూటికి 3నుండి 5 పాళ్లు కలిపిన జిప్సము ఆ ఖనిజపు రేణువులచుట్టు సన్నని పొర అల్లి వానిని కొంతసేపు అదుపులో ఉంచును. అయితే ఆ జిప్సములో భాస్వరపు శేషము ఉన్నచో, అది పొరమీద పొరగా తానును అడ్డుపడి బిగియుటను మితిమీరి ఆలస్యము చేయును; ఉదయము పోసిన కప్పు సాయంకాలమునకు కూడ గట్టిపడకపోవచ్చును. పారిసు ప్లాస్టరులోనైనచో స్ఫటికములు సూదులుగా పెరుగక బిళ్లలుగా పెరిగి, అల్లిక సడలి, పలక బలము తగ్గును.

అందుచే గుట్టనుండి తెచ్చినదానిని తెచ్చినట్లే వాడుట యుక్తము కాదు. నీటితో కడుగుట, సున్నము కలిపి ఆమ్లమును చల్లార్చుట, వేడిచేయుట మున్నగు సంస్కారములను రూర్కీయందలి కేంద్ర భవన పరిశోధన సంస్థవారు దీర్ఘకాలముగా పరిశోధించియున్నారు. ఇందు ఒక సూక్ష్మమున్నది. బియ్యము కడిగినపుడు పైనంటిన తవుడు పోవును గాని, గింజలోపలి పదార్థము పోదు. అట్లే స్ఫటికముల పైనంటిన ఆమ్లము నీటికి లొంగును గాని, స్ఫటికము పెరుగుచుండగా దాని కూర్పులోనే చొచ్చిన భాస్వరము కడుగుటకు లొంగదు. అది బయటపడవలెనన్నచో స్ఫటికమునే విప్పవలెను. గనులలో సహజ జిప్సము కొరవడిన జపాను దేశము ఈ సంగతిని ముందుగా గుర్తించి, ఆమ్లము తయారు చేయు పద్ధతినే మార్చినది: మొదట తక్కువ నీటి స్ఫటికమును పుట్టించి, దానిని కరగించి, తిరిగి జిప్సముగా ఘనీభవింపజేయుటచే లోపల చిక్కిన భాస్వరము ద్రవములోనికి వచ్చి, శుభ్రమైన జిప్సము చేకూరును. ఉపోత్పత్తికి కొనువారున్నారని తెలిసినచో కర్మాగారము తన మూలపద్ధతిని సైతము దిద్దుకొనునని జపాను ఉదాహరణము తెలుపుచున్నది. మన దేశమున గుట్టను వేసిన పిమ్మట దానినేమి చేయుదమని ఆలోచించుటయే వాడుకగా నున్నది.

రేడియము సంగతి

ఇక పెక్కుమంది పాఠకులను కలవరపెట్టు అంశము రేడియోధార్మికత. దీనిని దాచుట తగదు, పెద్దది చేయుటయు తగదు. కారణములను వరుసగా తెలిసికొనుట మేలు.

ఫాస్ఫేటు శిల సముద్రమున పేరుకొనునపుడు సముద్రజలములోని యురేనియమును కొంత గ్రహించినది. యురేనియము తనంతట తాను క్షీణించుచు, ఆ పరంపరలో రేడియము అను ధాతువును పుట్టించును. శిలను ఆమ్లముతో విడదీసినపుడు యురేనియములో అధికభాగము భాస్వరామ్లముతో పోవును. రేడియము మాత్రము కాల్షియము కుటుంబమునకు చెందినదగుటచే, జిప్సములో కాల్షియము కూర్చుండవలసిన చోట తాను కూర్చుండును. దాని అర్ధాయువు 1600 సంవత్సరములు. అనగా గుట్టను ఎన్నాళ్లు ఆరబెట్టినను, ఎండకు వదలినను, అది మన కాలమున తరుగునది కాదు.

రేడియము క్షీణించి రాడాన్ అను వాయువగును. దాని అర్ధాయువు నాలుగు దినములకు లోపే. గోడ రంధ్రములనుండి వెలువడి గదిలోని గాలిలో కలిసి, పీల్చినపుడు దాని సంతతియగు ఘనకణములు ఊపిరితిత్తులలో నిలిచి హాని చేయగలవు. పొగత్రాగుట తరువాత ఊపిరితిత్తుల కాన్సరునకు రాడాన్ ముఖ్యకారణమని వైద్యశాస్త్రము నిర్ణయించినది. కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చు మన ఇండ్లలో ఈ వాయువు నిలువదు. తలుపులు బిగించి చల్లదనపు యంత్రములతో కాలము గడపు గదులలో ఎక్కువ నిలుచును. గోడలు కట్టు వారు ఈ భేదమును కూడ ఎరుగవలెను.

వివరణ: బెకరెల్

ఒక పదార్థములో క్షణమునకు, అనగా సెకండునకు, ఒక పరమాణువు క్షీణించినచో దానిని ఒక బెకరెల్ అందురు. మామూలు నేలలో గ్రామునకు రేడియపు ధార్మికత సుమారు 0.03 బెకరెల్. భాస్వర జిప్సములో ఇది శిలనుబట్టి మారును: రష్యాలోని కోలా ద్వీపకల్పపు శిలవలె అగ్నిశిలాజాతికి చెందిన వానిలో స్వల్పము, సముద్రజనితమైన శిలలలో హెచ్చు, మధ్య ఫ్లోరిడా గుట్టలలో గ్రామునకు ఇంచుమించు ఒక బెకరెల్.

ఈ అంకెలపై దేశములు ఒకే నిర్ణయము చేయలేదు. మన అణుశక్తి నియంత్రణ మండలి నిర్మాణసామగ్రిలో గ్రామునకు 1 బెకరెల్ మించని రేడియము గల జిప్సమును అనుమతించినది. అమెరికా పర్యావరణ సంస్థ పొలములకు చల్లు జిప్సమునకే 0.37 అను కఠినమైన హద్దు పెట్టి, తక్కినదానిని గుట్టలోనే ఉంచవలెనని నియమించినది. 2020లో రోడ్లకు వాడుటకు అనుమతించి, మరుసటి సంవత్సరమే దానిని రద్దుచేసి, 2024 చివర ఫ్లోరిడాలో ఒక చిన్న ప్రయోగమునకు మాత్రము ఒప్పుకొనెను. ఈ భేదములు చూచి శాస్త్రము అనిశ్చితమని కొందరు తలపోయుదురు. నా దృష్టిలో అట్లు కాదు. శిలలు వేరు, ఇండ్లు వేరు, వాడు పాళ్లు వేరు. అన్నిటికి ఒకే తీర్పు ఉండదు. ప్రతి కర్మాగారము, శిలను మార్చిన ప్రతి పర్యాయము, జిప్సమును పరీక్షించి ఫలితమును కొనువారి చేతికి ఇయ్యవలెను. మన కర్మాగారములకు ఈ సంవత్సరము జోర్డాను శిల వచ్చును, మరు సంవత్సరము టోగో శిల రావచ్చును. ఓడ మారినపుడు అంకె మారును. ఒకప్పటి పరీక్షాపత్రమును చూపి దశాబ్దకాలము అమ్ముట సమ్మతింపరానిది.

విశాఖ ఇటుక

పాళ్ల మాట చెప్పినపుడు మన తెలుగునేలపైననే పుట్టిన ఒక ఉదాహరణము ముందునకు వచ్చును. విశాఖపట్టణమున ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను శాస్త్రజ్ఞులు, విద్యుత్కేంద్రముల బూడిదను, సున్నమును, ఎరువుల కర్మాగారపు జిప్సమును కలిపి కాల్చకయే గట్టిపడు ఇటుకను రూపొందించిరి. ఫాల్-జి అను పేర అది ప్రసిద్ధమైనది. అనంతరము చిన్న చిన్న ఇటుక పరిశ్రమలు పెక్కు ఆ మార్గమును అనుసరించినవి.

ఈ కలయికలో ఒక్కొక్కదాని పని వేరు. బూడిదలోని సిలికా సున్నముతో కలిసి, సిమెంటునకు బలమిచ్చు బంధకమునే పుట్టించును. అయితే ఆ క్రియ మందకొడి, వారముల తరబడి సాగును. అంతవరకు ఇటుక చేతిలో నిలువవలెను గదా. ఆ లోటును జిప్సము తీర్చును: బూడిదలోని అల్యూమినియము, సున్నము, జిప్సము, నీరు కూడి తొలిదినములలోనే సూదులవంటి స్ఫటికములను పెంచి ఇటుకకు ముందుబలమును సమకూర్చును. ఆశ్చర్యమేమనగా, గట్టిపడిన కాంక్రీటులో ఆలస్యముగా పుట్టినపుడు ఇవే స్ఫటికములు దానిని ఉబ్బించి పగులగొట్టును. మెత్తగానున్నపుడు పుట్టినచో చోటు చేసికొని అల్లుకొనును. కావున జిప్సమును మేర మీరి కలిపిన వానికి ఇటుక పిమ్మట పగులుట ప్రాప్తించును. సాధారణముగా నూటికి 5 పాళ్లకు అటునిటుగా చాలును.

ఇక్కడనే రేడియపు చిక్కు కూడ చాలవరకు సడలును. నూటికి అయిదు పాళ్లు మాత్రమే జిప్సమైన ఇటుకలో దాని ధార్మికత ఇరువదింట ఒక వంతునకు పలుచనగును. అయితే బూడిదలోను సహజ ధార్మికత కొంత ఉండును గనుక ఇటుకను మొత్తముగానే పరీక్షించుట న్యాయము. సాగుభూమి పైమట్టిని త్రవ్వి, బొగ్గుతో కాల్చి, ఇటుకలు చేయు పద్ధతితో పోల్చినపుడు ఈ ఇటుక మేలు నిస్సందేహము. ఆ పైమట్టి గోదావరి, కృష్ణలు యుగముల తరబడి తెచ్చి పరచినది. ఒకసారి కాల్చినది మరల మట్టి కాదు.

కొచ్చి గోడ

జిప్సమును కొద్దిగా కలుపుట ఒక విధము. గోడనంతటిని దానితోనే చేయుట మరియొక విధము. ఆస్ట్రేలియాలో 1990 ప్రాంతమున వెలువడిన ఒక పద్ధతిని అనుసరించి, కొచ్చి చెంత అంబలమేడునందు ఎఫ్.ఎ.సి.టి., ఆర్.సి.ఎఫ్. అను ఎరువుల సంస్థలు కలసి స్థాపించిన కర్మాగారమున, శుద్ధిచేసి వేడిచేసిన భాస్వర జిప్సములో గాజునారను కలిపి పెద్ద పలకలు పోసిరి. ఒక్కొక్క పలక 12 మీటర్ల నిడివి, 3 మీటర్ల ఎత్తు, 124 మిల్లీమీటర్ల మందము. లోపల వరుసగా నిలువు బోలు గదులు. చదరపు మీటరునకు బరువు 44 కిలోల ప్రాంతము, మందపాటి ఇటుక గోడ బరువులో పదింట ఒక వంతు. కిటికీ, తలుపు చోట్లను కర్మాగారముననే కోసి, క్రేనుతో నిలబెట్టి, బోలు గదులలో ఇనుప ఊచలు దింపి, కాంక్రీటు పోయుదురు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులు దేవదాస్ మేనన్, మెహర్ ప్రసాద్ ప్రభృతులు ఈ పలకలనే నేలకప్పులకును వాడు విధమును పరిశోధించి, 2013లో ఆ ఆవరణయందు నాలుగు నివాసములుగల రెండంతస్తుల మేడను సుమారు నెల దినములలో నిలబెట్టిరి.

ఈ గోడలో జిప్సము దాదాపు సర్వస్వము గనుక రేడియపు పరీక్ష ఇచట అత్యావశ్యకము. రెండవ జాగ్రత్త నీరు. జిప్సము లీటరు నీటికి రెండు గ్రాముల మేరకు కరగును. కావున పునాది మామూలు కాంక్రీటుతోనే కట్టి, నేల తేమ ఎక్కకుండ పొర వేసి, స్నానపు గదులను, బయటిముఖమును నీరు చొరని పూతతో కాపాడవలెను. కోస్తా వానలలో ఈ పూతను అశ్రద్ధ చేసిన మేస్త్రి గోడ బలమునే అశ్రద్ధ చేసినవాడగును.

దూరాభారము

ఇన్ని మార్గములుండగా గుట్ట ఏల తరుగలేదన్న ప్రశ్నకు రసాయనశాస్త్రముకన్న బండి బాడుగ ఎక్కువ సమాధానము చెప్పును. జిప్సము బరువైనది, చవుకైనది. రెండు మూడు వందల కిలోమీటర్లు పోవుసరికి బాడుగ ధరను మించును. రాజస్థానపు గని దగ్గరనున్న సిమెంటు కర్మాగారము విశాఖ జిప్సమును కోరదు. పన్నెండు మీటర్ల పలకను మోయు లారీ పల్లెదారుల మలుపులలో తిరుగదు. కావున గుట్టకు దగ్గరనుండు వాడుకలకే మొదటి చోటు ఇయ్యవలెను. ఆంధ్రకోస్తాలో అట్టివి సమృద్ధిగా ఉన్నవి. సిమెంటు మిల్లులు, బూడిద ఇటుకల పరిశ్రమలు, రోడ్ల క్రింది పొరలు కలవు. చౌడు నేలల బాగుకును, వేరుశనగకును జిప్సము అవసరము. వేరుశనగలో ఊడలు నేలలోనికి దిగువేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుమని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఏలయన కాయ తనకు వలసిన కాల్షియమును వేరుద్వారా కాక చుట్టునున్న మట్టినుండియే నేరుగా గ్రహించును. అనంతపురము రైతునకు ఇది చిరపరిచితము.

విశాఖ తీరమున ఓడరేవు ఉన్నది, రైలుమార్గమున్నది. ఖాళీగా తిరిగిపోవు వ్యాగన్లలో జిప్సమును సిమెంటు మిల్లులకు చేర్చు ఏర్పాటు, ఎరువుపై ప్రభుత్వమిచ్చు రాయితీతోపాటు ఉపోత్పత్తి రవాణాకు కొంత సాయము, ప్రతి లోడునకు రేడియము, భాస్వరము, ఫ్లోరైడుల పరీక్షాపత్రము, ఈ మూడును నేడు చేయదగినవే. వీనిలో ఏదియు క్రొత్త ఆవిష్కరణకై వేచియుండనక్కరలేదు. ఇల్లు కట్టించుకొనువారు బూడిద ఇటుకను గాని జిప్సపు పలకను గాని కొనునపుడు, ధరను అడిగిన నోటితోనే ఆ పత్రమును కూడ అడుగవలెను. తయారీదారుడు దానిని చూపలేనిచో ఆ సరకును విడిచి పరీక్షించిన దానిని కొనవలెను.